బొమ్మలు ఆపేసిన బ్రౌజర్‌ను స్క్రిప్టుతో గుర్తించడం: ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా జవాబిస్తే ఏం చేయాలి

బెంగళూరులో మేముండే మారతహళ్లి ప్రాంతపు తెలుగు సంఘం వారు ఒకసారి ఉగాది సమ్మేళనానికి పేర్లు నమోదు చేసుకునే వెబ్ పేజీని నాతో చేయించుకున్నారు. ఆ పేజీలో చివరి బటన్ మీద అక్షరాలు లేవు. వేపపూత, మామిడి పిందెలతో అందంగా గీయించిన బొమ్మనే బటన్‌గా పెట్టాను. ‘నమోదు చేయండి’ అన్న మాట కూడా ఆ బొమ్మలోనే ఉంది. పేజీ పెట్టిన రెండో రోజున కె.ఆర్.పురం నుంచి అనంతపురం జిల్లాకు చెందిన ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

“పేరు రాసినాను, నంబరు వేసినాను, ఆ కింద ఏడ నొక్కల్లో ఏమీ కనపళ్లేదు నాయనా.”

“మీ బ్రౌజర్లో బొమ్మలు రాకుండా ఏమైనా పెట్టుకున్నారా అయ్యా?”

“ఫోను నుంచే ల్యాప్‌టాప్‌కు నెట్టు ఇచ్చుకుంటాం కదా, డేటా బిరీన అయిపోతాందని మా మనవడు ఏదో చేసి పెట్టినాడు.”

ఆయన వాడుతున్నది క్రోమ్. అందులో బొమ్మలను పూర్తిగా ఆపేసి ఉంచారు. ఆ సాయంత్రమే నేనొక చిన్న స్క్రిప్ట్ రాశాను: కనపడని పరీక్ష బొమ్మ ఒకటి తెప్పించాలి, అది రాకుండా ఎర్రర్ ఈవెంట్ (విఫలమైందని బ్రౌజర్ స్క్రిప్ట్‌కు ఇచ్చే సంకేతం) వస్తే బటన్ స్థానంలో అక్షరాలు చూపాలి. నా ఫైర్‌ఫాక్స్‌లో బొమ్మలు ఆపి చూస్తే మొదటిసారికే చక్కగా పనిచేసింది. పెద్దాయన క్రోమ్‌లో మాత్రం ఏ మార్పూ లేదు, ఎర్రర్ ఈవెంట్ అసలు రానేలేదు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని బ్రౌజర్ పేర్ల పట్టిక అవసరం లేకుండా ఎలా దాటవచ్చో ఆ తర్వాత చాలా రోజులు కూర్చుని తేల్చుకున్నాను. అదే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, స్క్రిప్ట్ లేకుండానే చేయవలసిన పని

గుర్తించే స్క్రిప్ట్ రాయడానికి ముందు, అది అసలు అవసరమా అని చూసుకోవాలి. నా పేజీలో బటన్‌ను నిజమైన బటన్ ట్యాగ్‌తో రాసి, అందులో అక్షరాలు పెట్టి, బొమ్మను వెనుక అలంకారంగా ఉంచి, దాని కింద ముదురు నేపథ్య రంగు ఇచ్చి ఉంటే ఆ పెద్దాయన ఫోన్ చేయవలసిన అవసరమే వచ్చేది కాదు. ఇమేజ్ ట్యాగ్ వాడినచోట ఆల్ట్ పాఠాన్ని (బొమ్మ రానప్పుడు దాని చోట కనిపించే మాటలను) అర్థవంతంగా రాయడం, అక్షరాలను టెక్స్ట్ ఇండెంట్‌తో తెర బయటికి నెట్టి వాటి స్థానంలో బొమ్మ చూపే పాత పద్ధతిని పూర్తిగా మానేయడం, తెల్ల నేపథ్య రంగు మీద తెల్ల అక్షరాలు పెట్టి మధ్యలో ముదురు బొమ్మను నమ్ముకోకపోవడం అనే మూడింటితో పది ఫిర్యాదుల్లో తొమ్మిది తీరిపోతాయని నా అనుభవం. మిగిలేవి నిజంగా బొమ్మ మీదే ఆధారపడిన చోట్లు: సీట్ల అమరిక చూపే పటం, బొమ్మలోని అక్షరాలు చదివి రాయమనే పరీక్ష, స్ప్రైట్ (చాలా చిహ్నాలను ఒకే ఫైల్‌లో పేర్చిన బొమ్మ) నుంచి తీసుకున్న చిహ్నాలతో నిండిన పనిముట్ల వరుస. వీటికి ప్రత్యామ్నాయం చూపాలంటే బొమ్మలు వస్తున్నాయా లేదా అన్నది స్క్రిప్ట్‌కు తెలియాలి.

ఇంత శ్రమ పడ్డాక కూడా స్క్రిప్ట్ చెప్పే జవాబును అదనపు సాయంగానే చూడాలి. అది నడవకపోయినా పేజీ పనిచేయాలి.

మౌనం ఎందుకు వస్తుంది

చాలామంది అనుకునేదేమిటంటే, బొమ్మ వస్తే లోడ్ ఈవెంట్, రాకపోతే ఎర్రర్ ఈవెంట్ తప్పక వస్తుందని. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ప్రమాణం అలా చెప్పదు. బొమ్మల మద్దతు లేని, లేదా దాన్ని ఆపేసిన బ్రౌజర్ ఒక ఇమేజ్ ట్యాగ్‌ను ఎదుర్కొన్నప్పుడు ఏం చేయాలో అందులో స్పష్టంగా ఉంది: నడుస్తున్న రిక్వెస్ట్‌ను (సర్వర్‌ను ఫైల్ అడగడాన్ని) రద్దు చేసి, ఆ బొమ్మ స్థితిని ‘అందుబాటులో లేదు’గా ఉంచి, అక్కడితో ఆగిపోవాలి. ఆ దారిలో లోడ్ ఈవెంట్ లేదు, ఎర్రర్ ఈవెంట్ కూడా లేదు. ‘విరిగిన బొమ్మ’ అనేది దీనికి పూర్తిగా వేరైన స్థితి. తెప్పించబోయి విఫలమైనప్పుడు, లేదా వచ్చిన బైట్లు బొమ్మగా విప్పుకోనప్పుడు మాత్రమే ఆ స్థితి ఏర్పడుతుంది, ఎర్రర్ ఈవెంట్ దానితోపాటే వస్తుంది.

బొమ్మ తెచ్చే పని ముగిసిందా అని చెప్పే కంప్లీట్ అనే లక్షణాన్ని చదివి తేల్చుకోవాలని చూసేవారు పొరబడేది కూడా ఇక్కడే. ప్రమాణం ప్రకారం బొమ్మ పూర్తిగా వచ్చినప్పుడూ కంప్లీట్ విలువ ట్రూ, విరిగినప్పుడూ ట్రూ, సోర్స్ అసలే ఇవ్వనప్పుడూ ట్రూ. ‘అందుబాటులో లేదు’ అన్న స్థితిలో మాత్రం అది ఫాల్స్‌గా ఉండిపోతుంది. ఇంకా దారిలో ఉన్న బొమ్మకూ అదే విలువ కాబట్టి, కంప్లీట్ ఫాల్స్ అయినంత మాత్రాన బొమ్మలు ఆపేశారని చెప్పలేం. ట్రూ అయినంత మాత్రాన బొమ్మ కనిపిస్తోందనీ చెప్పలేం. బొమ్మ నిజంగా వచ్చిందనడానికి కంప్లీట్ ట్రూ కావాలి, దానితోపాటు నేచురల్‌విడ్త్ (ఫైల్‌లోని అసలు వెడల్పు) సున్నా కంటే ఎక్కువ ఉండాలి. ఈ రెండూ కలిసి ఉంటేనే ‘వచ్చింది’ అని రాసుకోవాలి.

ఉత్త విడ్త్ లక్షణాన్ని మాత్రం నమ్మవద్దు. బొమ్మ పేజీలో కనిపించే స్థితిలో ఉంటే అది తెర మీద ఆక్రమించిన వెడల్పును చెబుతుందే తప్ప, ఫైల్‌లోని వెడల్పును కాదు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విరిగిన బొమ్మకు కూడా 28 పిక్సెళ్ల వెడల్పు, 30 పిక్సెళ్ల ఎత్తు ఇచ్చేది, ఎందుకంటే అది తన ఎర్రటి గుర్తు కొలతనే చెప్పేది. ఆల్ట్ పాఠం ఉన్నచోట ఆ అక్షరాల వెడల్పే లెక్కకు వస్తుంది. ఇలాంటి కొలతలతో రాసిన పాత స్క్రిప్టులు ఇప్పటికీ పలు ప్రాజెక్టుల్లో అలాగే పడి ఉన్నాయి. కనపడితే తీసేయడం మంచిది.

బ్రౌజర్ల మధ్య తేడాలు ఎలా ఉంటాయి

క్రోమ్‌లో సెట్టింగ్‌ల ద్వారా బొమ్మలను ఆపితే, బ్రౌజర్ ఆ రిక్వెస్ట్‌ను మొదలుపెట్టకుండా పక్కన ఉంచుతుంది. స్క్రిప్ట్ వైపు నుంచి చూస్తే అది ఎప్పటికీ పూర్తికాని బొమ్మ. ప్రమాణంలో చెప్పిన మౌనానికి ఇది దగ్గరగా ఉంటుంది. పెద్దాయన ల్యాప్‌టాప్‌లో జరిగింది ఇదే.

ఫైర్‌ఫాక్స్ పద్ధతి వేరు. అది ఈ సెట్టింగ్‌ను ఒక అనుమతి విధానంగా అమలు చేసి, ఇమేజ్ రిక్వెస్ట్‌ను తిరస్కరిస్తుంది, అందువల్ల ఎర్రర్ ఈవెంట్ పుడుతుంది. 2013 ఆగస్టులో వచ్చిన 23వ సంచికతో ‘బొమ్మలను వాటంతటవే తెప్పించు’ అన్న టిక్కు పెట్టెను ఆప్షన్ల నుంచి తీసేశారు. ఇప్పుడది అబౌట్:కాన్ఫిగ్ పేజీలో పర్మిషన్స్.డిఫాల్ట్.ఇమేజ్ అనే పేరుతో ఉంది. విలువ 1 అయితే అన్ని బొమ్మలూ వస్తాయి, 2 అయితే ఏదీ రాదు, 3 అయితే పేజీ ఉన్న సైటు బొమ్మలు మాత్రమే వచ్చి ఇతర సైట్ల బొమ్మలు ఆగిపోతాయి. ఈ మూడో విలువను మరిచిపోయేవారు ఎక్కువ. మీ పరీక్ష బొమ్మ మీ సొంత డొమైన్‌లో ఉండి, పేజీలోని అసలు బొమ్మలన్నీ వేరే సీడీఎన్ (ఫైళ్లు పంచిపెట్టే బయటి సర్వర్ల వ్యవస్థ) నుంచి వస్తుంటే, ‘బొమ్మలు వస్తున్నాయి’ అని స్క్రిప్ట్ ధైర్యంగా చెబుతుంది, చదివేవారికి మాత్రం ఖాళీ గళ్లే కనిపిస్తాయి. కాబట్టి అసలు బొమ్మలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడే పరీక్ష బొమ్మను ఉంచాలి. రెండు చోట్ల నుంచి వస్తుంటే రెండు పరీక్షలు పెట్టాలి.

సఫారీలో బొమ్మలు ఆపే వీలు డెవలపర్ల పనిముట్లలోనే ఉంటుంది కాబట్టి మామూలు వాడుకరి దాని జోలికి పోవడం అరుదు. ఐఫోన్‌లో ఎక్కువగా ఎదురయ్యేది కంటెంట్ బ్లాకర్ యాప్‌ల వల్ల ఆగిపోయిన బొమ్మలే. ఒపేరా మినీ సంగతి పూర్తిగా వేరు. దాని పొదుపు పద్ధతిలో పేజీ ముందుగా కంపెనీ సర్వర్‌లో తయారై, కుదించిన రూపంలో ఫోన్‌కు వస్తుంది. స్క్రిప్టులు ఆ సర్వర్‌లో కొద్దిసేపు మాత్రమే నడుస్తాయి. అక్కడ టైమర్ల మీద ఆధారపడిన ఏ పరీక్షనూ నమ్మకూడదు. ఆ బ్రౌజర్ వాడేవారికి మొదటి భాగంలో చెప్పిన ఆల్ట్ పాఠం, అక్షరాలున్న బటన్ తప్ప వేరే దారి లేదు.

ఇదంతా చదివాక, బ్రౌజర్ పేరు చూసి దానికి తగిన కోడ్ నడపాలనిపించడం సహజం. నేనూ ఒక వారం ఆ దారిలో నడిచి వెనక్కి వచ్చాను. ఐఫోన్‌లో క్రోమ్ పేరుతో ఉన్నది లోపల సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజినే (పేజీని గీసే భాగం). ఆండ్రాయిడ్‌లో చాలా బ్రౌజర్లు తమను క్రోమ్‌గానే చెప్పుకుంటాయి, కానీ బొమ్మల సెట్టింగ్‌లు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటాయి. పైగా అదే క్రోమ్‌లో సెట్టింగ్‌తో ఆపితే మౌనం, ఎక్స్‌టెన్షన్‌తో ఆపితే ఎర్రర్. బ్రౌజర్ పేరు తెలిసినా ఏ జవాబు వస్తుందో తెలియదు.

ఒకే ఫైల్‌ను రెండు దారుల్లో అడగడం

చివరికి నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. ఒక చిన్న బొమ్మ ఫైల్‌ను తీసుకుని, దాన్ని ఇమేజ్ ఆబ్జెక్ట్ (స్క్రిప్ట్‌లోనే సృష్టించే బొమ్మ) ద్వారా ఒకసారి, ఫెచ్ (స్క్రిప్ట్ నుంచి ఏ ఫైల్‌నైనా తెప్పించే ఫంక్షన్) ద్వారా ఒకసారి, ఒకే సమయంలో అడగాలి. బొమ్మల సెట్టింగ్ అడ్డుకునేది ఇమేజ్ తరహా రిక్వెస్ట్‌లను మాత్రమే. ఫెచ్‌తో అడిగినప్పుడు బ్రౌజర్ దృష్టిలో అది ఉత్త డేటా కాబట్టి అడ్డులేకుండా వస్తుంది. ఫెచ్ దారిలో బైట్లు క్షేమంగా చేరి, ఇమేజ్ దారిలో మాత్రం మౌనమో ఎర్రరో మిగిలితే, సర్వర్ బాగుంది, నెట్ బాగుంది, ఫైల్ ఉంది, బొమ్మగా చూపడానికే అభ్యంతరం ఉందని తేలుతుంది. రెండు దారులూ మూసుకుపోతే నెట్ లేకపోవడమో, ఆ చిరునామానే ఎవరో అడ్డుకోవడమో జరిగిందని అర్థం. అప్పుడు బొమ్మలు ఆపేశారని ప్రకటించకూడదు.

రాసేటప్పుడు క్రమం ముఖ్యం. ఇమేజ్ ఆబ్జెక్ట్‌ను సృష్టించి, దాన్ని ఒక చలరాశిలో పట్టి ఉంచి, లోడ్, ఎర్రర్ ఈవెంట్లకు హ్యాండ్లర్లు (ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) తగిలించి, ఆ తర్వాతే సోర్స్ ఇవ్వాలి. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కాష్‌లో (బ్రౌజర్ ముందే దాచుకున్న ప్రతుల్లో) ఉన్న బొమ్మకు సోర్స్ ఇచ్చిన క్షణంలోనే లోడ్ ఈవెంట్ వచ్చేసేది, తర్వాత తగిలించిన హ్యాండ్లర్‌కు ఏమీ అందేది కాదు. ఆ బ్రౌజర్ పోయినా ఆ క్రమాన్ని పాటించడంలో నష్టం లేదు. లోడ్ వస్తే నేచురల్‌విడ్త్, నేచురల్‌హైట్ చదివి, మీరు పెట్టిన ఫైల్ కొలతలతో సరిపోతున్నాయో లేదో చూడాలి. ఎర్రర్ వస్తే వెంటనే తీర్పు చెప్పకుండా ఫెచ్ ఫలితం కోసం ఆగాలి.

మౌనానికి గడువు ఎంత పెట్టాలన్నదే అసలు చిక్కు. నేను మొదట మూడు సెకన్లని స్థిరంగా పెట్టాను. ఆఫీసులోని వైఫై మీద అది బాగానే ఉంది. ఒకరోజు మెట్రోలో ఇంటికి వస్తూ, మెజెస్టిక్ నుంచి కబ్బన్ పార్క్ వైపు సొరంగంలో బండి సాగుతుండగా ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూశాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. పేజీ అక్షరాలు వచ్చాయి, మూడు సెకన్లు గడిచాయి, ‘మీ బ్రౌజర్‌లో బొమ్మలు ఆపి ఉన్నాయి’ అన్న పట్టీ ప్రత్యక్షమైంది, మరో రెండు సెకన్లకు దాని కిందే వేపపూత బొమ్మ నింపాదిగా విచ్చుకుంది. సెకన్లను పేజీ తెరిచిన క్షణం నుంచి లెక్కపెట్టడం తప్పని అప్పుడే కళ్లారా చూశాను.

కాబట్టి గడియారాన్ని ఫెచ్ పూర్తయిన క్షణం నుంచి మొదలుపెట్టాలి, ఫెచ్‌కు పట్టిన సమయాన్నే కొలబద్దగా తీసుకోవాలి. ఫెచ్‌కు 400 మిల్లీసెకన్లు పడితే దానికి మూడింతలు, అంటే 1,200 మిల్లీసెకన్లు ఇంకా ఆగుతాను. ఎంత వేగమైన నెట్ అయినా ఒక సెకను కంటే తక్కువ ఆగను. ఈ అంకెలు నా ఎంపిక మాత్రమే, మీ వాడుకరుల నెట్ వేగాన్ని బట్టి మార్చుకోండి. ఇంత ఉదారంగా ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది: క్రోమ్ ఫెచ్ రిక్వెస్ట్‌లకు ఎక్కువ ప్రాధాన్యం, బొమ్మలకు తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది, అందువల్ల రద్దీగా ఉన్న లైన్‌లో ఫెచ్ ముందుగా వచ్చి బొమ్మ వెనుకబడడం మామూలే. పరీక్ష బొమ్మకు ఫెచ్‌ప్రయారిటీ విలువను హై అని ఇస్తే ఈ అంతరం కొంత తగ్గుతుంది.

గడువు ముగిశాక కూడా తీర్పును తిరగరాసే వీలు ఉంచాలి. ఆలస్యంగానైనా లోడ్ ఈవెంట్ వస్తే ముందు చెప్పినది రద్దు చేసి పట్టీని తీసేయాలి. హ్యాండ్లర్లను గడువుతోపాటు తెంచేసే కోడ్‌ను చాలాచోట్ల చూశాను, అది పొరపాటు.

ఫెచ్ ఫలితాన్ని చదివేటప్పుడు స్టేటస్ 200 (సర్వర్ ‘సరే’ అనే సంకేతం) అని మాత్రమే చూసి సరిపెట్టుకోకండి. హోటళ్లలో, బస్టాండ్లలో ఉచిత వైఫై కొన్నిసార్లు మీరడిగిన ఫైల్ స్థానంలో తన లాగిన్ పేజీని 200తోనే పంపుతుంది. వచ్చిన బైట్ల సంఖ్య మీ ఫైల్ సైజుతో సరిపోతోందా, కంటెంట్ టైప్ ఇమేజ్‌గా ఉందా అని చూడాలి. విచిత్రమేమిటంటే ఇమేజ్ ట్యాగ్‌కు స్టేటస్‌తో పని లేదు: సర్వర్ 404 (‘ఫైల్ లేదు’) అంటూనే బొమ్మ బైట్లు పంపితే బ్రౌజర్ ఆ బొమ్మను చూపి లోడ్ ఈవెంట్ కూడా ఇస్తుంది.

ఇమేజ్ ఆబ్జెక్ట్‌కున్న డీకోడ్ మెథడ్‌తో ఇదంతా తప్పించుకోవచ్చా అని మా టీమ్‌లోని ఒక తమ్ముడు అడిగాడు. అది ప్రామిస్ (తర్వాత నెరవేరడమో తిరస్కరించడమో జరిగే ఆబ్జెక్ట్) ఇస్తుంది, విరిగిన బొమ్మకు తిరస్కరిస్తుంది, కోడ్ చూడడానికి పొందికగా ఉంటుంది. అయితే ‘అందుబాటులో లేదు’ అన్న స్థితిలో ఆ ప్రామిస్ నెరవేరకుండా, తిరస్కరించకుండా అలాగే వేలాడుతుంది. మౌనం అక్కడా మౌనమే కాబట్టి, గడువు పెట్టే భారం తప్పదు.

తప్పు జవాబులు ఎక్కడి నుంచి వస్తాయి

పరీక్ష బొమ్మగా అందరూ పెట్టేది 1×1 పిక్సెల్ పారదర్శక జిఫ్, 43 బైట్లది. అదే పెద్ద చిక్కు. ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్లు కొన్ని రిక్వెస్ట్‌లను ఆపడానికి బదులు, తమ దగ్గరున్న 1×1 జిఫ్‌ను వాటి స్థానంలో ఇస్తాయి; అప్పుడు మీ బొమ్మ రాకపోయినా లోడ్ ఈవెంట్ వస్తుంది, కొలతలూ సరిపోతాయి. అందుకే నేను 37×19 వంటి, ఎవరూ యాదృచ్ఛికంగా పెట్టని కొలతలున్న పీఎన్‌జీ వాడతాను. ఫైల్ పేరులో పిక్సెల్, బీకన్, ట్రాక్, యాడ్ వంటి మాటలు ఉండకూడదు. ఫిల్టర్ జాబితాలు అలాంటి పేర్లనే వెతుకుతాయి. ఎస్‌వీజీ (గీతల లెక్కలతో రాసే బొమ్మ ఫైల్) వద్దు, ఎందుకంటే కొలతలు రాయని ఎస్‌వీజీకి నేచురల్‌విడ్త్ ఎంతన్నదాంట్లో బ్రౌజర్లు ఏకీభవించవు.

డేటా యూఆర్ఐ రూపంలో బొమ్మను కోడ్‌లోనే పొదిగి పరీక్షించడం ఇంకా ప్రమాదకరం. నెట్ మీద నుంచి రాని బొమ్మకు ఆ సెట్టింగ్ వర్తిస్తుందా లేదా అన్నది బ్రౌజర్‌ను బట్టి మారుతుంది. ఫైర్‌ఫాక్స్‌లోని అడ్డుకునే కోడ్ హెచ్‌టీటీపీ తరహా చిరునామాలనే పట్టించుకునేలా రాసినది, కాబట్టి బొమ్మలన్నీ ఆపేసి ఉన్నా పొదిగిన బొమ్మ దర్జాగా కనిపిస్తుంది, మీ పరీక్ష ‘అంతా బాగుంది’ అంటుంది.

కాష్ సంగతి కూడా ఇలాంటిదే. నిన్న బొమ్మలు వచ్చిన బ్రౌజర్‌లో ఈరోజు ఆపేస్తే, కాష్‌లోని పాత ప్రతి కనిపించవచ్చు. పాత ఒపేరాలో అయితే ‘కాష్‌లో ఉన్న బొమ్మలు మాత్రమే చూపు’ అనే ప్రత్యేక ఎంపికే ఉండేది. ప్రతి పరీక్షకూ చిరునామా చివర కొత్త సంఖ్యను చేర్చాలి, సర్వర్ వైపు నుంచి నో-స్టోర్ (దాచుకోవద్దు) అని పంపాలి. మీ సైటుకు సర్వీస్ వర్కర్ (రిక్వెస్ట్‌లను మధ్యలో పట్టుకునే స్క్రిప్ట్) ఉంటే ఈ ఫైల్‌ను అది ముట్టుకోకుండా మినహాయించాలి.

సైటు వారే తెలియకుండా పెట్టుకునే అడ్డంకి కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (ఏది ఎక్కడి నుంచి రావచ్చో బ్రౌజర్‌కు చెప్పే నియమాల జాబితా). అందులో బొమ్మలకు ఒక నియమం, ఫెచ్‌కు వేరే నియమం ఉంటాయి. పరీక్ష ఫైల్ ఉన్న డొమైన్‌కు ఫెచ్ అనుమతి ఉండి బొమ్మల అనుమతి లేకపోతే, పైన చెప్పిన పద్ధతి ప్రతి వాడుకరికీ ‘బొమ్మలు ఆపేశారు’ అనే చెబుతుంది. పాలసీ ఉల్లంఘన జరిగినప్పుడు డాక్యుమెంట్ మీద వచ్చే ఈవెంట్‌ను వింటే ఇది ఇట్టే తెలిసిపోతుంది. పరీక్ష ఫైల్ వేరే డొమైన్‌లో ఉన్నప్పుడు ఫెచ్ కోసం ఆ సర్వర్ క్రాస్ ఆరిజిన్ (వేరే డొమైన్ పేజీ చదవవచ్చనే) అనుమతి హెడర్ కూడా పంపాలి.

లోడింగ్ లక్షణానికి లేజీ అని ఇచ్చిన బొమ్మ తెర దగ్గరికి వచ్చేవరకు రాదు, పేజీలో చేర్చని బొమ్మకు ఆ విలువ ఇస్తే అసలే రాదు. కొన్ని లైబ్రరీలు ప్రతి ఇమేజ్‌కూ దాన్ని తగిలిస్తాయి కాబట్టి పరీక్ష బొమ్మకు ఈగర్ అని స్పష్టంగా రాయడం మేలు. ట్యాబ్ వెనుక ఉన్నప్పుడు బ్రౌజర్లు టైమర్లను నెమ్మదింపజేస్తాయి. పేజీ కనిపించే స్థితిలో ఉన్నప్పుడే పరీక్ష మొదలుపెట్టాలి.

ఇంకొక్కటి, నేను ఆలస్యంగా తెలుసుకున్నది: యూబ్లాక్ ఆరిజిన్‌లో నిర్ణీత కిలోబైట్ల కంటే పెద్దవైన మీడియాను మాత్రమే ఆపే ఎంపిక ఉంది. చిన్న పరీక్ష బొమ్మ హాయిగా దాటిపోతుంది, 200 కిలోబైట్ల సీట్ల పటం ఆగిపోతుంది. అందువల్ల పేజీకి ప్రాణమైన ఆ ఒక్క బొమ్మకు విడిగా ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టి, పక్కనే అక్షరాల జాబితాను సిద్ధంగా ఉంచడం అవసరం.

మీ యంత్రంలో దీన్ని పరీక్షించడం

క్రోమ్ డెవలపర్ పనిముట్లలో నెట్‌వర్క్ రిక్వెస్ట్‌లను అడ్డుకునే వీలు ఉంది. బొమ్మల చిరునామాను అక్కడ అడ్డుకుని, ఎర్రర్ వచ్చింది కాబట్టి స్క్రిప్ట్ సరిగ్గా ఉందని తీర్మానించడం మా ఆఫీసులోనే రెండుసార్లు జరిగింది. అలా అడ్డుకోవడం బొమ్మలు ఆపేయడం కాదు. అది విఫలమైన రిక్వెస్ట్, దాని జవాబు ఎర్రర్. అసలు స్థితిని చూడాలంటే సెట్టింగ్‌లలో గోప్యత, భద్రత విభాగంలోని సైట్ సెట్టింగ్‌లకు వెళ్లి, అక్కడ ఇమేజెస్ కింద సైట్లు బొమ్మలు చూపకుండా ఆపే ఎంపికను పెట్టుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో పైన చెప్పిన విలువను 2తో ఒకసారి, 3తో ఒకసారి పరీక్షించాలి. ఆటోమేటెడ్ పరీక్షల్లో క్రోమ్‌ను బ్లింక్ సెట్టింగ్స్ అనే ఫ్లాగ్‌తో, ఇమేజెస్ ఎనేబుల్డ్ విలువ ఫాల్స్ చేసి నడిపించవచ్చు. ఫైర్‌ఫాక్స్‌కు ప్రొఫైల్‌లో అదే ప్రిఫరెన్స్ రాసి ఇవ్వవచ్చు. నెట్‌ను పూర్తిగా తెంచి ఒకసారి, వేగం బాగా తగ్గించి ఒకసారి నడపకుండా ఈ పరీక్షను ముగించవద్దు. తప్పుడు పట్టీలు కనపడేది ఆ రెండు చోట్లే.

తేలిన జవాబుతో ఏం చేయాలి

బొమ్మలు రావడం లేదని తేలితే హెచ్‌టీఎంఎల్ మూల ట్యాగ్‌కు ఒక క్లాస్ తగిలించి, మిగతా పనిని సీఎస్‌ఎస్‌కు వదిలేయడం మేలు. బటన్‌లకు అక్షరాలు, పటానికి బదులు జాబితా, చిహ్నాలకు బదులు మాటలు ఆ క్లాస్ కింద కనిపిస్తాయి. ‘బొమ్మలు ఆన్ చేయండి’ అని వాడుకరిని నిలదీసే పెట్టెలు వద్దు. ఆయన కావాలనే ఆపుకున్నారు, దానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఫెచ్‌తో బైట్లు వచ్చేశాయి కాబట్టి వాటిని విప్పి కాన్వాస్ మీద గీసి, సెట్టింగ్‌ను దాటుకుని బొమ్మను చూపించడం సాంకేతికంగా సాధ్యమే. అలా చేయవద్దు. మనవడు డేటా ఆదా కోసం ఆపిపెట్టిన బొమ్మలను మనం దొడ్డిదారిన తెచ్చి ఆ డేటానే ఖర్చు చేయించడం అన్యాయం. పరీక్ష ఫైల్ కూడా వంద, రెండువందల బైట్లకు మించకుండా ఉండాలనేది అందుకే. అలాగే ఈ ఫలితాన్ని సర్వర్‌కు పంపి వాడుకరి పేరుతో దాచుకోవద్దు. మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లలో అదీ ఒకటి అవుతుంది.

జవాబును ఎంతకాలం గుర్తుంచుకోవాలన్నది చివరి ప్రశ్న. లోకల్ స్టోరేజ్‌లో రాసుకుంటే, వాడుకరి తర్వాత బొమ్మలు ఆన్ చేసుకున్నా పేజీ పాత జవాబునే పట్టుకుని ఉంటుంది. ఆ ట్యాబ్ ఉన్నంతవరకే నిలిచే సెషన్ స్టోరేజ్ చాలు, అది కూడా వరుసగా పేజీలు తిరిగేటప్పుడు పరీక్ష పదేపదే జరగకుండా ఉండడానికి మాత్రమే. వెనుక బాణం నొక్కి తిరిగి వచ్చినప్పుడు బ్రౌజర్ చాలాసార్లు పేజీని ఉన్నదున్నట్టుగా జ్ఞాపకంలోంచి తీసి చూపుతుంది, స్క్రిప్ట్ మొదటి నుంచి నడవదు. అందుకని పేజ్‌షో ఈవెంట్‌ను వింటూ, దాని పర్సిస్టెడ్ విలువ ట్రూగా ఉంటే పాత క్లాస్‌ను తీసేసి, కొత్త చిరునామాతో పరీక్షను మళ్లీ మొదలుపెట్టాలి.